హ్యాండిల్‌కు కట్టిన చీటీ

పేరు యడ్ల తాతాజీ. తండ్రి పేరు అప్పలస్వామి, ఇప్పుడు లేరు. వయసు అరవై ఎనిమిది. చదువు ఏడో తరగతి. రైల్వేలో వాగన్లు బాగుచేసే ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉండేది రాయగడలో, రైల్వే కాలనీ వెనక వీధి. పుట్టింది బొబ్బిలి దగ్గరే అయినా అన్నం పెట్టింది రాయగడ. ఒడియా మాట్లాడతాను, రాయలేను. అందుకని ఏ.ఎస్.ఐ. సుభశ్రీ మేడం గారు తెలుగులోనే చెప్పమన్నారు. పార్వతీపురం వైపు మనిషి, హోంగార్డు లక్ష్మణ రాస్తున్నాడు. అక్షరాలు అతనివి, మాటలు నావి.

లక్ష్మీపూర్ దగ్గర ఘాటీగుడ పోలీసు అవుట్‌పోస్టు పెరట్లో, కేసు సామానుగా ఉంచిన ఒక సైకిల్‌కు ఈ రోజు ఉదయం నేను బ్రేకు బాగుచేసిన మాట నిజం. ఎవరూ చెయ్యమనలేదు. ఎవరినీ అడగలేదు. సాక్ష్యం పాడుచెయ్యాలని గానీ, ఏదో దాచాలని గానీ చేసింది కాదు. నా పని వల్ల మా అమ్మాయి కేసు చెడిపోకూడదనే, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

మేడం గారు "మౌసా, క్లుప్తంగా చెప్పండి" అన్నారు. మౌసా అంటే ఇక్కడివాళ్లు పిన్నమ్మ భర్తను పిలిచే వరస. అంత కోపంలోనూ ఆవిడ ఆ వరస మానలేదు, దండం పెడుతున్నాను. క్లుప్తంగా చెప్పడానికే చూస్తాను. కానీ ఇవాళ నాకు చాలా సంతోషంగా ఉంది. సంతోషంలో ఉన్న మనిషిని క్లుప్తంగా చెప్పమంటే కష్టం.

సైకిల్ మా అమ్మాయి ధనశ్రీది. వయసు ఇరవై నాలుగు. మాకు ఒక్కర్తే, పెళ్లయిన చాలా ఏళ్లకు పుట్టింది. కోరాపుట్‌లో స్మిత అనే ఆవిడ, బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు సైకిళ్ల మీద కొండలు చూపించే చిన్న కంపెనీ నడుపుతున్నారు. అందరికన్నా ముందు తొక్కుతూ లమ్తపుట్ కొండల్లో దారి చూపించడం మా అమ్మాయి పని. సైకిల్ కూడా మామూలుది కాదు. లావు టైర్లు, ముందు స్ప్రింగులు, రెండు చక్రాలకూ పళ్లెంలాంటి డిస్కులు. బ్రేకుకు తీగ ఉండదు, సన్న గొట్టంలో నూనె ఉంటుంది. లివరు నొక్కితే ఆ నూనె తోసుకెళ్లి, కింద ఉన్న ప్యాడ్లు డిస్కును పట్టుకుంటాయి. సొంత జీతంతో కొనుక్కుంది. కొన్న రోజు ఇంటికి తెచ్చి నా చేత లివరు నొక్కించింది. "ఒక్క ఏలు సాలు నాన్నా, ఒక్క ఏలు" అంది. ఒక్క వేలితోనే నొక్కాను. చక్రం నిలబడిపోయింది. నా ఉద్యోగమంతా నేను బ్రేకుల మధ్యే ఉన్నాను. అంత మెత్తగా పట్టే బ్రేకు చూడలేదు.

శ్రావణంలో ఒక ఆదివారం ఉదయం లక్ష్మీపూర్ దాటాక ఘాటీ మలుపులో, అల్లం బస్తాలతో వస్తున్న నీలం రంగు పికప్ బండికీ మా అమ్మాయి సైకిల్‌కూ గుద్దుడు అయింది. పిల్లకు కుడి మణికట్టు ఎముక విరిగింది. సైకిల్‌కు కుడిచేతి బ్రేకు లివరు, అంటే ముందు చక్రానిది, విరిగింది. పిల్లకూ సైకిల్‌కూ ఒకే చోట దెబ్బ. ఈ మాట నేను చాలామందికి చెప్పాను, ఎవరికీ పెద్ద వింతగా తోచలేదు. నేను మాత్రం మర్చిపోలేకపోయాను. ఆ సైకిల్‌కు ముందు నుంచీ బ్రేకు లేదనీ, ఆ అమ్మాయే వచ్చి తగులుకుందనీ బండి డ్రైవరు చెప్పాడట. నేను అక్కడ లేను. చూడనిది చెప్పను.

కట్టు విప్పారు, ఎముక అతికింది. పిల్ల మాత్రం సైకిల్ మాట ఎత్తనివ్వలేదు. రాయగడలో ఒక చీరల దుకాణంలో బిల్లులు కొట్టే పనిలో చేరింది. స్మిత గారు ఫోన్ చేస్తే తీసేది కాదు. వీధిలో ఎవరైనా బెల్లు కొడితే లేచి కిటికీ రెక్క వేసేది. మా ఇంటావిడ సుభద్రమ్మ, "ఒగ్గేయండి. దుకాణంలో నీడపట్టున ఉంటాది, నాకూ నిద్దర పడతాది" అంది. అంది గానీ, ఆ మర్నాడు పిల్ల హెల్మెట్‌ను తనే సబ్బుతో కడిగి పెరటి గోడ మీద ఎండబెట్టడం చూశాను.

ఇక్కడ సిక్ చీటీ సంగతి చెప్పాలి. అది లేకపోతే ఇవాళ జరిగింది అర్థం కాదు.

రైల్వేలో వాగన్‌కు జబ్బు చేస్తే, అంటే బ్రేకు పట్టకపోయినా స్ప్రింగు విరిగినా, దానికి ఒక చీటీ పెడతారు. మేం సిక్ చీటీ అనేవాళ్లం. ఆ చీటీ ఉన్నంతవరకు ఆ వాగన్‌ను రైలుకు తగిలించకూడదు. దాన్ని సిక్ లైన్ అనే పక్క లైన్‌లోకి తోసి మాకు అప్పజెబుతారు. బాగుచేసినవాడే బ్రేకు వేయించి, వదిలించి, మళ్లీ వేయించి చూసుకోవాలి. అప్పుడు తన చేత్తో చీటీ తీసి, ఫిట్ అని రాసిచ్చి, వాగన్ ఒంటి మీద అరచేత్తో ఒక చరుపు చరచాలి. చరుపు సంగతి ఏ రూల్ పుస్తకంలోనూ లేదు, అది మా సన్యాసయ్య మేస్త్రి పెట్టింది.

మేస్త్రి గారు నాకు పని నేర్పిన మనిషి. నోట్లో ఎప్పుడూ చుట్ట, అది వెలిగేది తక్కువ. "ఒరే తాతాజీ, సూడకుండా ఫిట్ రాసేవనుకో, ఆ వాగన్ ఏ కొండో దిగినప్పుడు ముందుగాల పట్టాలు తప్పేది నీ సంతకమేరా" అనేవారు. నేను ఖలాసీగా చేరిన కొత్తలో వాక్యూమ్ బ్రేకులు. గాలి వదిలితే లైనంతా పెద్ద నిట్టూర్పు విడిచినట్టు ఉండేది. ఇప్పటికీ ఎవరైనా గట్టిగా నిట్టూరిస్తే నాకు సిక్ లైనే గుర్తొస్తుంది. కిరసనాయిలు వాసన, నూనె గుడ్డల వాసన, చలికాలం పొద్దున్న ఇనుము ముట్టుకుంటే చర్మం అంటుకునేంత చల్లదనం. కోరాపుట్ లైను పడిన కొత్తలో, సొరంగాల్లోంచి బయటికొచ్చిన ప్రతి వాగన్‌నూ అత్తారింటి నుంచి వచ్చిన పిల్లను చూసినట్టు చుట్టూ తిరిగి చూసేవాళ్లం. ఆ రోజులు ఎంత బాగుండేవో మేడం గారికి చెప్పినా తెలియదు. ఆవిడ అప్పటికి పుట్టి ఉండరు.

మా అమ్మి చిన్నప్పుడు వాళ్లమ్మతో క్యారేజీ పట్టుకుని సిక్ లైన్‌కు వచ్చేది. నా పనిముట్ల పెట్టె మీద కూర్చునేది. ఫోర్‌మన్ గారు పాడైన చీటీలు ఇస్తే ఇంటికి పట్టుకుపోయి, పాడైన ప్రతిదానికీ కట్టేది. మిక్సీకి కట్టింది. కుంటి కుర్చీకి కట్టింది. నాకు జ్వరం వస్తే నా కాలి బొటనవేలికి కట్టింది. ఒకసారి సుభద్రమ్మ నా మీద అలిగి పడుకుంటే, వెళ్లి ఆవిడ జడకు కట్టి వచ్చి, "నాన్నా, అమ్మ సిక్. నువ్వే బాగుసెయ్యాల, నువ్వే పాడుసేసేవు" అంది. నేను రిటైరైన రోజు దండతో ఇంటికొస్తే, చొక్కా గుండీకి ఒక చీటీ కట్టింది. దాని మీద ఫిట్ అని రాసి ఉంది. ఆ చీటీ ఇంకా నా దగ్గరే ఉంది. మేడం గారు అది ఈ కేసుకు అవసరం లేదన్నారు. సరే.

ఈ మధ్య, చేతికి కట్టు ఉన్నప్పుడు, నవ్వుతుందేమోనని నేనే ఒక అట్టముక్క మీద సిక్ అని రాసి ఆ కట్టుకు కట్టాను. నవ్వలేదు. ఎడమ చేత్తో మెల్లగా ముడి విప్పి నా చేతిలో పెట్టింది. "ఇది నీ పనిముట్లతో అవ్వదు నాన్నా" అంది. ఆ మాట నాకు చాలా రోజులు అన్నం దగ్గర అడ్డుపడింది.

పిల్లను బాగుచెయ్యలేకపోతే సైకిల్‌నైనా బాగుచేద్దామనుకున్నాను. దసరా ముందు ఒక్కడినే ఈ అవుట్‌పోస్టుకు వచ్చి సైకిల్‌ను చూశాను. ముట్టుకోవద్దన్నారు, ఆ రోజు ముట్టుకోలేదు. ఎడమ లివరు బాగానే ఉంది కాబట్టి, మిఠాయి డబ్బా అట్ట దాని వెనక పట్టుకుని, తగలకుండా పెన్సిల్‌తో గీత గీసుకున్నాను. ఆ అట్ట తిరగేస్తే కుడి లివరు అవుతుంది. మా ఇంట్లో పాత స్కూటరు క్లచ్ లివరు ఒకటి ఉంది, మంచి లోహం. దాన్ని కోసి, రంధ్రం వేసి, ఆకురాయితో అరగదీశాను. సుభద్రమ్మ చూసి, "పెళ్లిలో నాకెట్టిన ఉంగరాన్ని ఒక్కరోజు ఇలాగ తోమేవా?" అంది. తోమలేదు. వంపు మాత్రం ఎడమదానికన్నా కొంచెం లోపలికి పెట్టాను. కట్టు తీశాక పిల్ల కుడి చెయ్యి పూర్తిగా చాచుకోవడం లేదని, గ్లాసు పట్టుకునేటప్పుడు చూశాను.

నిన్న ఠాణా నుంచి ఫోన్ వచ్చింది. సొంతదారు వచ్చి సంతకం పెట్టి సైకిల్‌ను జిమ్మాకు, అంటే కోర్టు అడిగినప్పుడు తెస్తామనే పూచీ మీద, తీసుకెళ్లవచ్చన్నారు. ప్రమాదం జరిగిన బండ్లను పరీక్షించే ఇన్‌స్పెక్టరు గారు సైకిల్‌ను చూడటం అయిపోయింది కాబట్టే రమ్మన్నారని నేను అనుకున్నాను. అడగవలసింది, అడగలేదు. ఇచ్చేస్తారు అన్నదొక్కటే నా చెవిలో నిలిచింది. సంతకం కోసమే పిల్ల నాతో వచ్చింది. "తెచ్చి అమ్మేద్దాం నాన్నా" అంటూనే వచ్చింది.

ఉదయం పాసింజరులో వచ్చాం. చిన్నప్పుడు సొరంగం వస్తే రైలంతా వినబడేట్టు కూత పెట్టేది. ఇవాళ సొరంగాలు వచ్చాయి, పోయాయి, తల దించుకుని చేతి సంచి గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఒక సొరంగంలో చీకట్లో నేనే చిన్నగా కూత పెట్టాను. వెలుతురు వచ్చాక ఎదుటి సీటు ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. పిల్ల కిటికీలోంచి చూస్తోంది.

పది గంటల వేళకు ఇక్కడికి చేరాం. మేడం గారు లక్ష్మీపూర్ సంత డ్యూటీలో ఉన్నారు. లక్ష్మణ మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టాడు. పిల్ల పెరటికి వీపు పెట్టి కూర్చుంది. నేను కూర్చోలేక రేకుల షెడ్డు వైపు నడిచాను.

సైకిల్ అక్కడే ఉంది. విరిగిన లివరు తెగీ తెగకుండా వేలాడుతోంది. హ్యాండిల్‌కు దారంతో ఒక చీటీ కట్టి ఉంది. నంబరు, తేదీ, కింద సంతకం. మేడం గారూ, మీకది కేసు చీటీ. నాకు అది సిక్ చీటీ. ఆ దారం, ఆ ముడి, గాలికి అది తిరగడం, అంతా అదే. ఎన్నో వేలసార్లు అలాంటి చీటీ చూశాను, చూసిన ప్రతిసారీ నా చెయ్యి పనిముట్ల సంచిలోకే వెళ్లింది. ఇవాళా అలాగే వెళ్లింది. ఇంతకన్నా నా దగ్గర వేరే కారణం లేదు.

పని మొదలుపెట్టే ముందు నా ఎర్ర తువ్వాలు సీటుకు కట్టాను. రైల్వేలో బండి కింద మనిషి ఉంటే ఎర్ర జెండా పెట్టాలి. లక్ష్మణ టీ గ్లాసులతో వచ్చి అది చూసి, "ఏటి తాతా, ఠాణాలో ఎర్ర జెండా కట్టేవు? మేడం సూస్తే ముందు నన్ను లోనెడతారు" అన్నాడు.

"దీన్ని ఎవరూ కదపకూడదని గుర్తురా బాబూ."

"ఎవరు కదుపుతారు? శ్రావణం నుంచి ఇక్కడే ఉంది."

"అందుకే ఇవాళ కదుపుదామని."

అతను ఆపలేదు, సాయం చేశాడు. ఇది రాయొద్దంటున్నాడు. రాయమన్నాను.

లివరు కీలు దగ్గర సన్నటి పిన్ను ఉంటుంది. దాన్ని మేకుతో మెల్లగా తట్టి బయటికి తీశాను. విరిగిన లివరు తీశాను. దాని అంచున నీలం రంగు గీసుకుపోయి ఉంది, తుడవలేదు. తీసిన సామాను పారేయకూడదు, ఒకచోట కట్టి అప్పజెప్పాలి, అది కూడా సిక్ లైన్ పద్ధతే. విరిగిన లివరు, పాత పిన్ను, రాలిన చిన్న ముక్క, మూడూ నా చేతిరుమాలులో మూటకట్టి గట్టు మీద పెట్టాను. అవి ఇప్పుడు మేడం గారి బల్ల మీద ఉన్నాయి.

నేను చేసుకొచ్చిన లివరు పెట్టి కొత్త పిన్ను దించాను. కీలు చక్కగా ఆడింది. నొక్కాను. హ్యాండిల్ దాకా మెత్తగా వెళ్లిపోయింది, చక్రం ఆగలేదు. గొట్టంలో గాలి చేరిందని తెలిసింది. దానికీ సిద్ధపడే వచ్చాను. రాయగడలో మోటారు సామాన్ల దుకాణంలో కొన్న ఎర్ర బ్రేకు నూనె సీసా మూత తీశాను.

"నాన్నా! ఆగు! అది పొయ్యకు!"

అంత గట్టిగా మా అమ్మి మాట్లాడి ఎన్నాళ్లయిందో. వీపు పెట్టి కూర్చున్న పిల్ల ఎప్పుడు తిరిగిందో, ఎప్పటినుంచి చూస్తోందో తెలియదు. వరండా మెట్లు దిగి పరుగున వచ్చేసింది.

"బ్రేకు నూనే కదమ్మీ. దుకాణమోడు సెప్పి మరీ ఇచ్చేడు."

"అది మోటారుసైకిళ్లది. దీన్లో పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బిపోయి మొత్తం పోతాది. దీనికి వేరే నూనె. రైలనుకున్నావేటి?"

"రైలుకి గాలే గానీ నూనెక్కడిదే?"

"మరి తెలీనప్పుడు ముట్టుకోడమేల? ఇటివ్వు."

సీసా లాక్కుంది. చేతి సంచి తెరిచింది. డబ్బాలు, దువ్వెన, దుకాణం గుర్తింపు కార్డు, అన్నిటి అడుగు నుంచి ఒక చిన్న సీసా తీసింది. తర్వాత సన్న గొట్టం తగిలించిన సిరంజి, చిన్న గిన్నెలాంటిది ఒకటి. సీసాలోది ఆ బ్రేకుకు పోసే నూనె. సైకిల్ ముట్టనని, వచ్చిన వెంటనే అమ్మేద్దామని అన్న పిల్ల సంచిలో, రోజూ చీరల దుకాణానికి పట్టుకెళ్లే సంచిలో, ఆ సీసా ఉంది. నేను చూశాను. లక్ష్మణ ఏదో అనబోతే కాలు తొక్కాను.

ఆ తర్వాత నేను చేసింది తక్కువ, తను చెప్పింది ఎక్కువ. సబ్బుతో చేతులు కడగమంది. డిస్కు మీద నూనె చుక్క పడితే బ్రేకు పట్టదని ముందు చక్రం విప్పి లక్ష్మణకు ఇచ్చి దూరంగా నిలబడమంది. అతను చక్రాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని నిలబడ్డాడు. ప్యాడ్లు దగ్గరకు రాకుండా మధ్యన పెట్టడానికి అట్ట కావాలంటే, గీత గీసుకున్న ఆ మిఠాయి అట్టే ఇచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి గీత చూసింది, నా మొహం చూసింది, చించి మడిచింది.

తను కింద కూర్చుని సిరంజితో నూనె పైకి తోస్తోంది. పైన లివరు దగ్గర ఆ గిన్నె బిగించి నేను చూస్తున్నాను. గాలి బుడగలై పైకి రావాలి.

"వస్తోందా?"

"వచ్చింది. ఒకటి. ఇంకోటి. గొట్టం తట్టనా?"

"తట్టు. మెల్లగా. నొక్కు ఇప్పుడు."

"నొక్కేను."

"ఒగ్గు."

"ఒగ్గేను."

నొక్కు, ఒగ్గు. వాగన్ కింద మేస్త్రి గారు ఉంటే, పైన నేను, ఇవే మాటలు. పట్టు, ఒగ్గు. పట్టు, ఒగ్గు. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ ఎవరో కింద నుంచి చెబుతుంటే నేను పైన నిలబడి సరే అంటున్నాను. ఈసారి కింద ఉన్నది నా కూతురు. కళ్లలో నీళ్లు వచ్చి బుడగలు కనబడలేదు. "నాన్నా, బుడగలు సూడమంటే ఏటి సూస్తన్నావు?" అని అరిచింది. ఎంత బాగా అరిచిందో.

బుడగలు ఆగాయి. మరలు బిగించాం. చక్రం పెట్టాం. లివరు నొక్కితే సగం దగ్గరే గట్టిగా నిలిచింది. తను చెయ్యి పెట్టి చూసింది.

"ఇది ఎడమదాని కన్నా దగ్గరగా ఉంది నాన్నా. తప్పు గీసేవేటి?"

"తప్పు కాదమ్మీ. నీ సెయ్యి సూసే వంచేను."

వేలు తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ తీసి పెట్టింది.

సీటుకు కట్టిన నా ఎర్ర తువ్వాలు తనే విప్పి నా భుజం మీద వేసింది. "తొక్కి సూడకపోతే తెలీదు కదా. బ్రేకు సూడ్డానికే" అని ఎక్కింది. బ్రేకు చూడటానికే అని ఇంకోసారి అంది. మొదటి చుట్టు పట్టుబడిన మోటారుసైకిళ్ల పక్కగా, గోడ పట్టుకున్నట్టు మెల్లగా తిరిగింది. రెండో చుట్టు జెండా కర్ర చుట్టూ తిరిగింది. తర్వాత ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టలేదు. చివరికి పెరటి ఆ కొస నుంచి నేరుగా నా మీదికే వచ్చింది. లక్ష్మణ "తాతా, తప్పుకో!" అన్నాడు. నేను తప్పుకోలేదు. మేము నూనె పోసిన బ్రేకు అది. నా చెప్పులకు జానెడు దూరంలో, ఒక్క వేలితో, నిలబడిపోయింది. వెనక చక్రం కొంచెం లేచి దిగింది. పిల్ల నవ్వుతోంది. శ్రావణం నుంచి చూడని నవ్వు.

తర్వాత హ్యాండిల్‌కు ఉన్న చీటీ నేనే తెంపి జేబులో పెట్టుకున్నాను. (పై వాక్యం చెప్పినవారి కోరిక మీద కొట్టివేయడమైనది. లక్ష్మణ)

ఈ వాక్యం ఎందుకు కొట్టించానో చెబుతాను. ఇది రాయిస్తున్నప్పుడు పిల్ల తలుపు దగ్గరే నిలబడి ఉంది. కేసు సామాను చీటీ తెంపడం చిన్న సంగతి కాదని మేడం గారు చెప్పారు కాబట్టి నా మీద వేసుకున్నాను. అమ్మి లోపలికి వచ్చేసి, "నాన్నా, అలాగ రాయించకు. తీసింది నేను" అంది.

"నువ్వూరుకో అమ్మీ."

"ఊరుకోను. ఒక్క మాట అబద్ధమైతే ఆళ్ల వకీలు మొత్తం అబద్ధమంటాడు. అయినా, సూడకుండా ఫిట్ రాయకూడదని నాకు సెప్పింది ఎవరు? తొక్కి సూసింది నేను. తీసింది నేను."

నిజం ఇది. సైకిల్ నిలబడ్డాక, తనే ముందుకు వంగి, దారం తెంపి, ఆ చీటీని నా చొక్కా జేబులో పెట్టింది. సీటు మీద అరచేత్తో ఒక చరుపు చరిచి, "ఫిట్ నాన్నా" అంది. అది కేసు చీటీ అన్న ధ్యాస ఆ క్షణాన తనకూ లేదు, నాకూ లేదు. తెంపిన చెయ్యి తనది. ఆ చేతికి ఆ అలవాటు నేర్పింది నేను. శిక్ష ఏదైనా ఉంటే నేర్పినవాడికి వెయ్యమని నా మనవి. లక్ష్మణ అప్పుడు చప్పట్లు కొట్టాడు. కొట్టాక తను పోలీసుల మనిషినని గుర్తొచ్చి ఆపాడు.

మేడం గారి జీపు అప్పుడే వచ్చింది. చీటీ లేని సైకిల్, దాని మీద నవ్వుతున్న పిల్ల, జేబులో చీటీతో నేను. "మౌసా, ఏం చేశారు? దీన్ని ఇన్‌స్పెక్టరు గారు ఇంకా చూడలేదు. బ్రేకు ముందే లేదని కదా ఆ డ్రైవరు గొడవ? ఇప్పుడు బ్రేకే మారిపోతే నేనేం చూపించాలి?" అన్నారు. అప్పటికి గాని నాకు తెలియలేదు. నా కూతురి కేసును నా చేతులతోనే విప్పి పడేశానా అనుకున్నాను. చేతిరుమాలు మూట తెచ్చి మేడం గారి ముందు విప్పాను.

ఇన్‌స్పెక్టరు గారు మధ్యాహ్నం వచ్చారు. విరిగిన లివరునూ, దాని మీది నీలం రంగునూ, హ్యాండిల్ మీది గీతలనూ చూసి ఫోటోలు తీయించారు. నేను చేసిన లివరు కూడా చూశారు. వెనక బ్రేకు గానీ, గొట్టాలు గానీ, డిస్కులు గానీ నేను మార్చలేదని అడిగితే చెప్పాను. తన అభిప్రాయం మాకు చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. "ఈ పెద్దాయన చేత ఉన్నది ఉన్నట్టు రాయించి కాగితాలతో జతచెయ్యండి" అని మాత్రం అన్నారు. మేడం గారు మూటకు ఒక కొత్త చీటీ, సైకిల్‌కు ఒక కొత్త చీటీ కట్టారు. నా చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.

సైకిల్‌ను జిమ్మాకు ఇచ్చారు. కోర్టు ఎప్పుడు అడిగితే అప్పుడు, ఇదే లివరుతో తీసుకొచ్చి చూపిస్తాం. ఇది రాయిస్తుండగా బయట అమ్మి ఫోన్‌లో స్మిత గారితో మాట్లాడుతోంది. "సోమవారం వస్తాను అక్కా" అనడం నాకు ఇక్కడికి వినబడింది. లక్ష్మణకు కూడా వినబడింది, అడగవచ్చు. స్టేషన్ దాకా నన్ను ఆటోలో వెళ్లమంది, తను సైకిల్ మీద వస్తుందట. దిగుడు రోడ్డు కదా అన్నాను. "దిగుడు రోడ్డుకే కదా నాన్నా బ్రేకు" అంది.

లక్ష్మణ ఇదంతా నాకు చదివి వినిపించాడు. కొట్టించిన ఒక్క వాక్యం తప్ప, ఇందులో ప్రతి మాటా నేను కళ్లతో చూసింది, చెవులతో విన్నది, చేతులతో చేసింది. భయపెట్టి ఎవరూ చెప్పించలేదు. చూడనిది చూసినట్టు ఒక్క ముక్క కూడా రాయించలేదు. మేస్త్రి గారు బతికి ఉంటే ఆయన ముందు కూడా ఇదే చెప్పేవాణ్ని. వేలిముద్ర చాలన్నారు, నేను సంతకమే పెడతానన్నాను. నా సంతకం ఎప్పుడూ ఒంటరిగా పెట్టలేదు, పక్కన ఇంకో మాట ఉండేది. అలవాటు కొద్దీ ఇక్కడా రాశాను. మేడం గారు చూశారు, కొట్టెయ్యమనలేదు.

(సం.) యడ్ల తాతాజీ
ఫిట్

రాసినది: లక్ష్మణ, హోంగార్డు. చక్రం పట్టుకున్నది కూడా నేనే.